జాతి వివక్ష అని కేసు వేస్తే గ్రీన్ కార్డు క్యూ కదులుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి డాలస్ దగ్గర ఇంజనీరు. 2015లో కంపెనీ వాడికి ఈబీ-2 (పై చదువులున్న ఉద్యోగుల) కోటాలో గ్రీన్ కార్డుకి పెట్టింది. కంపెనీ వాడి కోసం పెట్టిన ఐ-140 అనే దరఖాస్తు అప్రూవ్ అయింది కానీ ఇప్పటికీ వంతు రాలేదు. వాడి తర్వాత చేరిన బ్రెజిల్ కుర్రాడికి కార్డు వచ్చేసింది. మనవరాలు గుంటూరులోనే పుట్టింది, చిన్నప్పుడే అమ్మానాన్నలతో వెళ్లిపోయింది. 2027లో దానికి 21 నిండుతాయి. ఆ తర్వాత దాని సంగతేమిటో ఎవరూ తిన్నగా చెప్పడం లేదు. ఇదంతా మన రంగు చూసి చేస్తున్నది కాదా? వాళ్ల వాట్సాప్ గ్రూపులో కొందరు జాతి వివక్ష కింద అమెరికా ప్రభుత్వం మీద కేసు వేద్దామని మనిషికి 500 డాలర్లు పోగు చేస్తున్నారు. ఇవ్వాలని అబ్బాయి పట్టుదల. కేసులో పేరుంటే వీసాకి ముప్పని కోడలి భయం. ఇంకోటి, ప్రమోషన్ల మీటింగులో వాడి మేనేజర్ "మీ ఇండియన్లు ఇప్పటికే ఎక్కువైపోయారు" అన్నాడట. ఆ మాట కేసులో సాక్ష్యంగా పనికొస్తుందా? టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు:

మాస్టారూ, నమస్కారం.

ముందు జవాబులు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. దేశానికి ఇంత అని పెట్టిన పరిమితి మీద జాతి వివక్ష అనే ఒక్క వాదనతో కేసు వేస్తే అది నిలవడం చాలా కష్టం. కాబట్టి 500 డాలర్లు ఇప్పుడే పంపొద్దని అబ్బాయికి చెప్పండి. పంపే ముందు ఏం అడగాలో కింద రాస్తున్నాను. మేనేజర్ అన్న మాట మాత్రం పూర్తిగా వేరే సంగతి. ప్రభుత్వం మీద వేసే కేసులో అది ఎందుకూ కొరగాదు. కంపెనీ మీద ఫిర్యాదులో దానికి చాలా విలువ ఉంది. అయితే ఆ ఫిర్యాదుకి గడువుంది, అది ఇప్పటికే నడుస్తోంది.

నేను విజయవాడలో వకీలుని, అమెరికా కోర్టులో వాదించే లైసెన్సు నాది కాదు. అక్కడి తీర్పులు చదివి, ఇక్కడి కుటుంబాల కష్టం దగ్గర నుంచి చూసి రాస్తున్నాను. అబ్బాయి ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు అక్కడి ఇమ్మిగ్రేషన్ అటార్నీకి చూపించాలి.

ముందు క్యూ సంగతి చూద్దాం. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. 1990 నాటి చట్టం ప్రకారం ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా 7 శాతమే పరిమితి. భార్యాపిల్లలనూ ఆ లెక్కలోనే కలుపుతారు. మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఇది చూడండి. ఈబీ-2 వాటా మొత్తంలో 28.6 శాతం, అంటే 40,040. అందులో 7 శాతం అంటే 2,800 చిల్లర. మిగతా దేశాలవాళ్లు వాడుకోకుండా వదిలేసినవి కలిస్తే కొంత పెరుగుతుంది. ఐస్‌లాండ్‌కీ అదే పరిమితి, 140 కోట్ల మంది ఉన్న మన దేశానికీ అదే పరిమితి. ఇది అన్యాయమని నేను నిస్సందేహంగా నమ్ముతాను. ఒకే ఆఫీసులో, ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి మూణ్నాలుగేళ్లు, ఇంకొకరికి జీవితకాలం పట్టడం ఏ రకంగా చూసినా న్యాయం కాదు.

కానీ కోర్టులో ప్రభుత్వ వకీలు లేచి మొదట చెప్పేది ఇదీ: ఈ పరిమితి చూసేది మనిషి పుట్టిన దేశాన్ని, మనిషి జాతిని కాదు. కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టిన తెలుగు అమ్మాయి ఇండియా క్యూలోకి రాదు, ఆ దేశం క్యూలోకి వెళ్తుంది. ఆమెది మన రంగే, మన భాషే, మన ఇంటిపేరే. చెన్నైలో పుట్టి పెరిగిన తెల్లవాడు మాత్రం సాధారణంగా మీ అబ్బాయి వెనకే నిలబడాలి. ఈ ఒక్క ఉదాహరణతో "రంగు చూసి" అన్న మాట బలం సగానికి పడిపోతుంది.

ఇక్కడే ఒకటి అడగాలి. మీ కోడలు ఎక్కడ పుట్టారు? నవ్వులాటకి అడగడం లేదు. భార్యాభర్తల్లో ఎవరు పుట్టిన దేశం క్యూ చిన్నదైతే ఆ దేశం లెక్కలో ఇద్దరూ దరఖాస్తు చేసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. మన వైపు గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో అక్కడే పుట్టిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై, తమ బర్త్ సర్టిఫికెట్ విలువ తెలియక ఇండియా క్యూలో నిలబడిపోతున్నారు. మీ కోడలు ఇక్కడే పుట్టి ఉంటే ఈ దారి లేదు. కానీ అడగకుండా వదిలేయొద్దు.

ఈ పరిమితి పెట్టిన చట్టం చరిత్ర చూస్తే మనసు కలుక్కుమంటుంది. అమెరికా ఒకప్పుడు దాచుకోకుండానే జాతి చూసి మనుషుల్ని ఆపింది. 1882లో చైనా కార్మికుల్ని నిషేధించింది. 1917లో ఆసియాలో చాలా భాగానికి, మన దేశంతో సహా, తలుపు మూసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం అడిగితే, 1923లో సుప్రీంకోర్టు ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా కాదంది. సామాన్యుడి దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడు కాబట్టి పౌరుడు కాలేడని రాసింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చి మన దేశానికి ఏడాదికి 100 మంది కోటా ఇచ్చింది. ఆ తర్వాత 1965లో పౌరహక్కుల ఉద్యమం వేడిలో వచ్చిన చట్టం ఈ జాతి కోటాలన్నింటినీ తుడిచేసింది. వలస వీసా ఇచ్చేటప్పుడు జాతి, లింగం, జాతీయత, పుట్టిన చోటు, నివాసం చూసి వివక్ష చూపకూడదని అందులో స్పష్టంగా రాశారు. తీరా ఆ సెక్షన్‌లోనే దేశాలవారీ పరిమితులను మినహాయించారు. ఏ దేశానికీ పెద్దపీట వేయకుండా అందరికీ ఒకే పరిమితి అనేది అప్పటి ఆలోచన. జాతి కోటాలు తీసేయడానికి వచ్చిన చట్టంలోని ఆ పరిమితే, 1990లో 7 శాతంగా మారి, మీ అబ్బాయిని ఆపుతోంది. దాన్నే జాతి వివక్ష చట్టమని కోర్టులో నిరూపించబోతున్నామని ఆ గ్రూపువాళ్లు అంటున్నారు. ఎంత ఎత్తైన కొండో చూడండి.

సరే, ఎక్కువ దెబ్బ భారతీయులకే తగులుతోంది కదా, అది చాలదా అని మీరు అడగొచ్చు. చాలదు. ఎవరికి ఎక్కువ దెబ్బ తగిలిందన్నది ఒక్కటే రాజ్యాంగ ఉల్లంఘన కాదని, వివక్ష చూపాలన్న ఉద్దేశం కనబడాలని అమెరికా సుప్రీంకోర్టు 1976లో వాషింగ్టన్ వర్సెస్ డేవిస్ కేసులో తేల్చేసింది. ఆ ఉద్దేశాన్ని ఎలా పట్టుకోవాలో మరుసటి ఏడాది ఆర్లింగ్టన్ హైట్స్ కేసులో చెప్పింది. ఫలితం ఎవరి మీద పడింది, నిర్ణయానికి ముందు ఏం జరిగింది, మామూలుగా పాటించే పద్ధతి వదిలేశారా, నిర్ణయం తీసుకున్నవాళ్లు ఏం మాట్లాడారు, ఇవన్నీ కలిపి చూడమంది. ఇల్లు, ఉద్యోగం, స్కూలు కేసుల్లో ఈ దారి కష్టమే అయినా నడవగలిగేదే. ఇమ్మిగ్రేషన్‌కి వచ్చేసరికి మధ్యలో ఒక పెద్ద గోడ లేస్తుంది.

ఆ గోడ కట్టింది చే చాన్ పింగ్ కేసు. ఆయన శాన్ ఫ్రాన్సిస్కోలో పన్నెండేళ్లు బతికిన చైనా కార్మికుడు. 1887లో సొంతూరు చూసి రావడానికి బయల్దేరాడు. తిరిగి రానిస్తామని ప్రభుత్వమే ఇచ్చిన సర్టిఫికెట్ జేబులో పెట్టుకునే వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో ఓడ ఇంకా సముద్రం మీద ఉండగానే, 1888 అక్టోబరు 1న, అలాంటి సర్టిఫికెట్లన్నీ చెల్లవంటూ కొత్త చట్టం వచ్చింది. వారం తర్వాత రేవుకి చేరితే దిగనివ్వలేదు. 1889లో సుప్రీంకోర్టు ఆయన్ని ఓడించింది. పరాయి దేశస్థుల్ని రానివ్వడం, ఆపడం సార్వభౌమాధికారంలో భాగమని, అందులో చట్టసభ మాటే చివరి మాటని చెప్పింది. ఆ తీర్పులో చైనావాళ్ల గురించి రాసిన వాక్యాలు చదివితే ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్‌కి ఇండియా వచ్చి, ఈలోగా రూల్ మారి, తిరిగి వెళ్లగలమో లేదో తెలియక విజయవాడలో అత్తగారింట్లో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు చే చాన్ పింగే గుర్తొస్తాడు.

ఆ సిద్ధాంతం ఇప్పటికీ బతికే ఉంది. దాని పదును తగ్గింది కానీ ఎవరూ దాన్ని కొట్టేయలేదు. ముస్లింలు ఎక్కువగా ఉన్న కొన్ని దేశాలవాళ్ల రాకను ఆపిన అధ్యక్షుడి ప్రకటన మీద 2018లో ట్రంప్ వర్సెస్ హవాయి తీర్పు వచ్చింది. అక్కడ వాదన మత వివక్ష గురించి. ఎన్నికల ముందూ తర్వాతా ఆయన అన్న మాటలన్నీ రికార్డులో ఉన్నాయి. అయినా 5-4 తేడాతో ప్రభుత్వమే గెలిచింది. దేశ భద్రత అనే కారణం పైకి సమంజసంగా కనిపిస్తే చాలు, అంతకుమించి లోపలికి తవ్వబోమని మెజారిటీ చెప్పింది. అదే తీర్పులో, యుద్ధకాలంలో జపాన్ మూలాలున్నవాళ్లను శిబిరాల్లో పెట్టడాన్ని సమర్థించిన 1944 నాటి కోరెమత్సు తీర్పు మొదటి రోజు నుంచే ఘోరమైన తప్పని కూడా రాసింది. ఆ మాట రావడానికి 74 ఏళ్లు పట్టింది.

ఇక మీ అబ్బాయికి చదివి వినిపించాల్సిన కేసు 2020 జూన్ 18 నాటిది. చిన్నతనంలో కాగితాలు లేకుండా అమెరికా చేరినవాళ్లకు రక్షణ ఇచ్చే డాకా పథకాన్ని ప్రభుత్వం రద్దు చేసింది. వాదులు రెండు వాదనలు పెట్టారు. రద్దు చేసిన పద్ధతి చట్టవిరుద్ధమన్నది ఒకటి. దాని వెనక లాటినోల మీద జాతి ద్వేషం ఉందన్నది రెండోది. కేసు గెలిచారు. కానీ మొదటి వాదన మీద గెలిచారు. ప్రభుత్వం చూడాల్సిన విషయాలు చూడకుండా, కారణాలు సరిగా చెప్పకుండా రద్దు చేసిందని 5-4తో తీర్పు వచ్చింది. జాతి వాదన దగ్గరకొచ్చేసరికి తొమ్మిది మందిలో జస్టిస్ సోటోమేయర్ ఒక్కరే దాన్ని ముందుకు సాగనివ్వాలన్నారు. కాగితాలు లేనివాళ్లలో లాటినోలే ఎక్కువ కాబట్టి ఏ పథకం తీసేసినా వాళ్లకే ఎక్కువ తగులుతుంది, అది ద్వేషానికి రుజువు కాదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. ఆ వాక్యంలో లాటినోలు తీసి భారతీయులు అని, పథకం తీసి గ్రీన్ కార్డు క్యూ అని పెట్టి చదవండి. మీ గ్రూపు కేసుకి వచ్చే జవాబు అదే.

మరి నాయకులు నోటితో అన్న మాటలకు విలువే లేదా అంటే, కింది కోర్టుల్లో కొన్నిసార్లు ఉంది. ఎల్ సాల్వడార్, హైతీ, నికరాగువా, సూడాన్ వాళ్ల తాత్కాలిక రక్షణ తీసేసినప్పుడు, 2018 అక్టోబరులో కాలిఫోర్నియాలో జడ్జి ఎడ్వర్డ్ చెన్ ఆపేశారు. జాతి ద్వేషం ఉందా అన్నది గట్టిగా విచారించాల్సిన ప్రశ్నేనన్నారు. 2020లో పై కోర్టు ధర్మాసనం 2-1తో దాన్ని తిప్పేసింది. అధ్యక్షుడి మాటలకూ, శాఖ తీసుకున్న నిర్ణయానికీ మధ్య ముడి కనబడలేదంది. 2023లో మళ్లీ ఆ తీర్పునూ పక్కన పెట్టి పూర్తి ధర్మాసనం వింటామన్నారు. అంతా కలిపి ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో ఎన్ని కుటుంబాలు బిక్కుబిక్కుమంటూ గడిపాయో ఆలోచించండి.

ఇప్పుడు మనవాళ్ల కేసులు చూద్దాం. నేను చెప్పదల్చుకున్నది వీటిలో తేటగా కనిపిస్తుంది.

ఫార్మింగ్టన్ యూనివర్సిటీ మీకు గుర్తుండే ఉంటుంది. 2019 జనవరిలో అది అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే పెట్టిన ఉత్తుత్తి కాలేజీ అని బయటపడింది. చేరిన 600 మందిలో ఎక్కువమంది భారతీయులు, అందులో మనవాళ్లు చాలామంది. మన పిల్లల్నే వలేసి పట్టారని అప్పుడు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో కుమిలిపోయారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ నిలిచిన దావా కోపం మీద నడవలేదు. ఫీజు తీసుకుని చదువు చెప్పలేదు, అది ఒప్పంద ఉల్లంఘన, మా డబ్బు మాకివ్వండి అని ఒక విద్యార్థి అందరి తరఫునా వేశాడు. కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో పై కోర్టు ఆ దావా నడవొచ్చని చెప్పింది. ప్రభుత్వమైనా సరే, డబ్బు తీసుకుని ఒప్పందం చేసుకుంటే జవాబు చెప్పాల్సిందే అన్న మామూలు సూత్రం పనికొచ్చింది.

2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (వాళ్ల స్టేటస్ నమోదయ్యే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డులు) వేల సంఖ్యలో ఒక్కసారిగా రద్దయ్యాయి. పాత ట్రాఫిక్ కేసులున్నవాళ్లు, కోర్టు ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసులున్నవాళ్లు కూడా ఉన్నారు. అమెరికా ఇమ్మిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 కేసుల్లో సగం మంది భారతీయులే. జాతి వివక్ష అని అరవడానికి ఇంతకంటే అంకె ఏం కావాలి? అయినా తెలివైన లాయర్లు ఆ వాదనను ముందు పెట్టలేదు. ఏ కారణాల మీద రికార్డు రద్దు చేయొచ్చో రూల్స్‌లో రాసి ఉంది, ఇది వాటిలో లేదు, నోటీసు ఇవ్వలేదు, వివరణ అడగలేదు అన్నారు. అంతే. రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో జడ్జీలు రోజుల్లో తాత్కాలిక ఉత్తర్వులిచ్చారు. ఏప్రిల్ 25న రికార్డులు తిరిగి పెడుతున్నామని ప్రభుత్వ వకీళ్లే కోర్టులకు చెప్పారు. ఆ వాదుల్లో చాలామంది అసలు పేరు బయట పెట్టకుండా 'డో' అనే మారుపేరుతో కేసు నడిపారు. మీ కోడలి భయానికి ఇది కొంత జవాబు. కేసు వేశారన్న కారణంతో వీసా తీసేయడానికి చట్టం లేదు. భయం ఉంటే మారుపేరు అనుమతి కోర్టుని అడగొచ్చు.

భర్త వీసా మీద వెళ్లిన ఆడవాళ్ల వర్క్ పర్మిట్లు నెలలకొద్దీ ఆలస్యమై ఉద్యోగాలు పోతున్నప్పుడూ ఇలాగే జరిగింది. దెబ్బ తిన్నది ఎక్కువగా మన ఆడపిల్లలే. దావా చట్టంలోని మాటల మీద వేశారు. 2021 నవంబరులో రాజీ కుదిరింది. ఎల్-2 (కంపెనీ బదిలీ మీద వెళ్లినవాళ్ల) భార్యలకు విడిగా పర్మిట్ అవసరమే లేకుండా పోయింది, హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్యలు) వాళ్లకు రెన్యువల్ సమయంలో ఆటోమేటిక్ పొడిగింపు దొరికింది. 2025 అక్టోబరు 30 నుంచి ఆ పొడిగింపును ప్రభుత్వం కొత్త రూల్‌తో తీసేసింది. రూల్ మీద గెలిచింది రూల్‌తో పోవచ్చు, ఇది కూడా తెలిసి ఉండాలి. హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు మీద 2025 అక్టోబరులో నర్సుల సంస్థలు, యూనియన్లు, అమెరికా చాంబర్ ఆఫ్ కామర్స్ వేసిన దావాలు కూడా ప్రధానంగా అధ్యక్షుడికి ఆ అధికారం ఉందా అన్న ప్రశ్న మీదే నిలబడ్డాయి.

ఇంత చెప్పాను కదా అని జాతి మాట ఎత్తనే వద్దు అనుకోకండి. నా ఉద్దేశం అది కాదు. రుజువు చేతిలో ఉన్నప్పుడు ఆ మాట గట్టిగా, తల వంచకుండా చెప్పాలి. 1886లోనే, చే చాన్ పింగ్ కంటే ముందే, శాన్ ఫ్రాన్సిస్కో చాకిరేవుల కేసు యిక్ వో వర్సెస్ హాప్కిన్స్‌లో చైనావాళ్లు గెలిచారు. లాండ్రీలకు లైసెన్సు కావాలన్న రూల్ పైకి అందరికీ ఒకటే. అడిగిన 200 మంది చైనావాళ్లకు ఇవ్వలేదు, చైనావాళ్లు కాని 80 మందిలో దాదాపు అందరికీ ఇచ్చారు. ఆ అంకె చూసి కోర్టు, రూల్ ఎలా రాశారన్నది కాదు, ఎలా అమలు చేస్తున్నారో చూస్తామంది. పౌరుడు కాకపోయినా ఆ గడ్డ మీద ఉన్న ప్రతి వ్యక్తికీ సమాన రక్షణ ఉందని చెప్పింది. మీ అబ్బాయికి ఈ రోజు ఉన్న హక్కుల్లో చాలావాటికి ఆ లాండ్రీ మనిషి పోరాటమే పునాది. బ్రిటన్‌లో 2004లో ఇలాంటిదే జరిగింది. ప్రాగ్ విమానాశ్రయంలో బ్రిటిష్ అధికారులు రోమా జాతివాళ్లనే పట్టి పట్టి ఆపుతున్నారని అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. విమానాశ్రయంలో మనుషుల్ని పెట్టి గమనించి, రోమాలను నిరాకరించే అవకాశం మిగతావాళ్లకంటే 400 రెట్లు ఎక్కువని లెక్క తేల్చారు కాబట్టే అది గెలిచింది. ఒకే స్థితిలో ఉన్న ఇద్దరిని అధికారి వేర్వేరుగా చూశాడని చూపించగలిగితే గెలుపు దగ్గరగా ఉంటుంది. చట్టసభ రాసిన అంకె మీద అలాంటి రుజువు దొరకదు.

మన దగ్గర మాత్రం ఏమిటి అని అడిగే హక్కు కూడా ఎదుటివాళ్లకు ఉంది. మన రాజ్యాంగం 14వ అధికరణ ఏ వ్యక్తికైనా వర్తిస్తుంది, జాతి వివక్షను నిషేధించే 15వ అధికరణ మాత్రం పౌరులకే. 1937 నుంచి మన దేశంలో ఉంటున్న బెల్జియం మిషనరీ ఒకాయన్ని వెళ్లిపొమ్మంటే, విదేశీయుడికి ఇక్కడ స్థిరపడే హక్కు లేదని, పంపేసే విషయంలో ప్రభుత్వ అధికారానికి హద్దు లేదని మన సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. గోడ అక్కడ ఒక్కచోటే లేదు.

7 శాతం గీతను చెరపగలిగింది అమెరికా కాంగ్రెస్ ఒక్కటే. అది దగ్గరి దాకా వచ్చింది కూడా. ఉద్యోగ వీసాలకు ఆ పరిమితి తీసేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ తన రూపంలో దాన్ని ఆమోదించింది. రెండు సభల రూపాలూ కలవక ఆగిపోయింది. ఓటు లేని మీ అబ్బాయి లాంటివాళ్లు పౌరులైన స్నేహితులతో కలిసి కాంగ్రెస్ సభ్యుల ఆఫీసులకు వెళ్లి మాట్లాడటం వల్లే అంతదూరం వచ్చింది. 500 డాలర్లు ఖర్చు పెట్టాలన్న తపన ఉంటే ఆ పని చేసే సంఘాలు మేలు.

ఇక గ్రూపువాళ్లను అడగాల్సినవి. కేసు ఏ అటార్నీ వేస్తున్నారు, ఏ కోర్టులో, డ్రాఫ్ట్ చూపిస్తారా? డబ్బు అటార్నీ ట్రస్ట్ ఖాతాకి వెళ్తుందా, ఒక వ్యక్తి ఖాతాకా? జాతి వాదన కాకుండా ఇంకే వాదనలు ఉన్నాయి? మీ అబ్బాయి పేరున్న వాది అవుతాడా, చందాదారుడు మాత్రమేనా? ఇది చాలా ముఖ్యం. 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన కాసా తీర్పు తర్వాత, ఒక జిల్లా జడ్జి దేశమంతటికీ వర్తించేలా ఉత్తర్వు ఇవ్వడం బాగా కష్టమైంది. వాదులకు, లేదా కోర్టు గుర్తించిన క్లాస్‌లో ఉన్నవాళ్లకు మాత్రమే ఊరట దొరకొచ్చు. పోనీ క్లాస్ యాక్షన్ (ఒకే స్థితిలో ఉన్న అందరి తరఫునా కొందరు వేసే కేసు) అయితే, అందులోకి వచ్చేవాళ్లు చందా ఇవ్వకపోయినా ఊరట వర్తిస్తుంది. ఈ రెండిట్లో ఏదో చెప్పలేనివాళ్లకు డబ్బు ఇవ్వకూడదు. కేసు వేశామంటే నంబర్ అడగండి. ఫెడరల్ కోర్టు కాగితాలు పేసర్ అనే సైట్‌లో పేజీకి 10 సెంట్లతో ఎవరైనా చూడొచ్చు. నంబర్ ఇవ్వడానికి నసిగేవాళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ బెంజ్ సర్కిల్ చుట్టూ, అరండల్‌పేటలో బోర్డులు పెట్టుకున్న కన్సల్టెన్సీవాళ్లు ఎవరైనా ఇలాంటి కేసుకి చందా వసూలు చేస్తే అసలు వినొద్దు.

మనవరాలి విషయం అన్నిటికంటే అర్జెంటు. 2002 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ కింద, వంతు వచ్చిన రోజున పిల్ల వయసులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు. మీవాడి ఐ-140 పెట్టిన తేదీ, అప్రూవ్ అయిన తేదీ నోటీసుల మీదే ఉంటాయి. తేడా రోజుల్లో లెక్కేయండి, అంత మేరకే ఊపిరి. 2025 ఆగస్టు 15 నుంచి ఈ లెక్కకి వీసా బులెటిన్‌లో (ఎవరి వంతు ఎంతవరకు వచ్చిందో నెలనెలా అమెరికా ప్రభుత్వం చెప్పే ప్రకటన) ఫైనల్ యాక్షన్ డేట్ చార్టునే, అంటే కార్డు నిజంగా ఇవ్వగలిగే తేదీల చార్టునే చూస్తున్నారు, దరఖాస్తు పెట్టుకునే తేదీల రెండో చార్టు చూసి సంబరపడొద్దు. ఈలోగా వంతు రాదని తేలితే, 21 నిండకముందే ఎఫ్-1 స్టూడెంట్ స్టేటస్‌కి మార్చే దరఖాస్తు పడాలి. ఆఖరి నెల దాకా ఆగకుండా ఒక ఏడాది ముందే అటార్నీని కూర్చోబెట్టి ప్లాన్ వేయమనండి. ఆ అమ్మాయి పెరిగిన ఊరు అదే, స్నేహితులు అక్కడే. ఆమెకు కూడా ఇదంతా వివరంగా చెప్పమనండి. పెద్దవాళ్లు గుసగుసలాడుకుంటుంటే ఆ వయసు పిల్లలకు భయం రెట్టింపవుతుంది.

చివరిగా మేనేజర్ మాట. ప్రభుత్వం మీద బలహీనమైన వాదనే యజమాని మీద బలమైన వాదన అవుతుంది, ఎందుకంటే అక్కడ సార్వభౌమాధికారం అనే గోడ లేదు. 1964 నాటి పౌరహక్కుల చట్టం జాతి, జాతీయ మూలం చూసి ప్రమోషన్ ఆపడాన్ని నిషేధిస్తుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకూ ఆ రక్షణ ఉంది. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం విడిగా ఇంకో ఫిర్యాదుకి దారి తీస్తుంది. అయితే నోరు జారిన ఒక్క మాట అని కంపెనీ కొట్టిపారేస్తుంది. అందుకని ఆ మాటకీ, ప్రమోషన్ నిర్ణయానికీ ముడి చూపించాలి. ఆ నిర్ణయం తీసుకున్నది ఆ మేనేజరేనా, మీటింగులో ఎవరెవరు విన్నారు, ఎవరికి ప్రమోషన్ వచ్చింది, వాళ్ల రేటింగు మీవాడి రేటింగు కంటే ఎక్కువా, ఇవన్నీ తేదీలతో అబ్బాయి సొంత నోట్‌బుక్‌లో రాసుకోవాలి. కంపెనీ రహస్య ఫైళ్లు మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోకూడదు. ఆ తప్పు దొరికితే అసలు కేసు పక్కకి పోతుంది.

ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోతుందేమో, గ్రీన్ కార్డు వంతు పోతుందేమో అని మీవాడు వెనకాడుతుంటాడు. ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటాక కంపెనీ వెనక్కి తీసుకున్నా 2015 ప్రయారిటీ డేట్, అంటే క్యూలో చోటు నిర్ణయించే తేదీ, మీవాడికే ఉంటుంది. కొత్త కంపెనీ మళ్లీ పెట్టాలి, కానీ క్యూలో చోటు పోదు. ఉద్యోగం పోయినా స్టేటస్‌కి సాధారణంగా 60 రోజుల వరకు గ్రేస్ ఉంటుంది. ఈ రెండు విషయాలు తెలియక ఎంతోమంది పిల్లలు మాటలు పడుతూ కూర్చుంటున్నారు.

ఈఈఓసీ అనే ఫెడరల్ సంస్థకి ఫిర్యాదు ఇవ్వాలి. గడువు సంఘటన జరిగిన రోజు నుంచి 180 రోజులు, సొంత సంస్థ ఉన్న టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో 300 రోజులు. సురక్షితంగా ఉండాలంటే 180కే కట్టుబడమనండి. జాతి కారణమని చూపగలిగితే సెక్షన్ 1981 కింద నేరుగా కోర్టుకు వెళ్లడానికి నాలుగేళ్ల దాకా వీలుంది, కానీ ఆ ధీమాతో మొదటి గడువు వదులుకోవడం మంచిది కాదు. ప్రమోషన్ రాలేదని తెలిసిన తేదీ ఏదో ఇవాళ రాత్రి ఫోన్లో అబ్బాయిని అడిగి, అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టండి.